గణిత తపస్వి ఆయిలర్

చదరంగపు బల్లమీద గింజలు పేర్చే కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇలా ప్రతి గడిలోను ముందున్న గడికి రెట్టింపు గింజలు పెట్టుకుంటూ పోవాలి. బల్లమీద అరవైనాలుగు గడులు ఉన్నాయి. అన్నిటినీ నింపడానికి ఏ రాజుగారి గాదెలూ చాలవు. కాబట్టి మనం ముప్ఫయి ఒకటవ గడి దగ్గర ఆగుదాం. అంతవరకు పెట్టిన గింజలన్నీ కలిపి లెక్కిస్తే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అవుతాయి.

ఈ గింజలను ఒక్కటి కూడా మిగలకుండా కొందరికి సమానంగా పంచగలమా? ఇద్దరికి పంచితే ఒక గింజ మిగులుతుంది. ముగ్గురికి పంచినా ఒకటి మిగులుతుంది. అయిదుగురికి పంచితే రెండు మిగులుతాయి. వందమందికి పంచితే 47, వెయ్యిమందికి పంచితే 647 మిగులుతాయి. మరి 233 మందికి? 1103 మందికి? ఒక్కొక్క సంఖ్యతో భాగహారం చేసి చూడాలంటే ఒక జీవితకాలం చాలదని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ ప్రశ్నకు సందేహం లేని జవాబు చెప్పినవాడు లియొనార్డ్ ఆయిలర్. జవాబు చెప్పేనాటికి ఆయనకు అరవై అయిదేళ్ళు. అప్పటికి రెండు కళ్ళకూ చూపు లేదు.

ఆయిలర్ 1707వ సంవత్సరం ఏప్రిల్ 15వ తేదీన స్విట్జర్లాండు దేశంలోని బాసెల్ నగరంలో జన్మించాడు. ఆ నగరం రైన్ నది ఒడ్డున ఉంది. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ మతబోధకుడు. కొడుకు పుట్టిన కొద్దికాలానికే ఆయన సమీపంలోని రీహెన్ అనే గ్రామంలో కాపురం పెట్టాడు. ఆయనకు గణితమంటే అభిమానం ఉండేది. యౌవనంలో యాకోబ్ బెర్నౌలీ అనే ప్రసిద్ధ గణితవేత్త వద్ద పాఠాలు విన్నాడు. కొడుక్కి తొలి లెక్కలు నేర్పింది ఆయనే. అయినా కొడుకు తనలాగే మతబోధకుడు కావాలన్నది ఆయన కోరిక.

పదమూడవ ఏట ఆయిలర్ బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నౌలీ ఆచార్యుడుగా ఉండేవాడు. ఐరోపా ఖండంలో ఆనాడు ఆయనను మించిన గణితవేత్తలు అరుదు. తనకు ప్రత్యేకంగా పాఠం చెప్పమని ఆయిలర్ ప్రాధేయపడితే ఆయన తీరిక లేదని నిరాకరించాడు. కాని ఒక దారి చూపాడు. కఠినమైన గ్రంథాలను కుర్రవాడు తనంతట తానే చదువుకోవాలి. అర్థం కాని చోట్లు ఉంటే శనివారం మధ్యాహ్నం వచ్చి అడగవచ్చు. శనివారం గురువుగారి ముందు వీలైనంత తక్కువ ప్రశ్నలతో నిలబడాలని ఆయిలర్ వారమంతా శ్రమపడేవాడు. అలా శ్రమపడడంలోనే ఒక చిక్కు విప్పితే దానితోపాటు పది చిక్కులు విడిపోయేవట. కొంతకాలానికి యోహాన్ బెర్నౌలీయే పాల్ ఆయిలర్‌తో మాట్లాడి, ఈ పిల్లవాడు గణితానికే పుట్టాడని నచ్చజెప్పాడు. తండ్రి తన కోరికను విడిచిపెట్టాడు.

సొంత ఊరిలో ఆయిలర్‌కు ఉద్యోగం దొరకలేదు. రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గులో కొత్తగా ఏర్పడిన విజ్ఞాన పరిషత్తులో చోటు ఉందని కబురు వచ్చింది. యోహాన్ కుమారుడు డేనియల్ బెర్నౌలీ అప్పటికే అక్కడ పనిచేస్తున్నాడు. 1727 ఏప్రిల్‌లో ఆయిలర్ బాసెల్ విడిచి వెళ్ళాడు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. మళ్ళీ ఆ నగరాన్ని చూడలేదు. మే నెలలో ఆయన రష్యా చేరిన రోజునే మహారాణి మొదటి కేథరిన్ మరణించింది. పరిషత్తు భవిష్యత్తు ఏమవుతుందో తెలియక కొంతకాలం రష్యా నౌకాదళంలో కూడా పనిచేశాడు. తరువాత పరిస్థితులు కుదుటపడి 1731లో భౌతికశాస్త్రంలో, 1733లో గణితంలో ఆచార్య పదవులు లభించాయి. 1734లో ఆయిలర్, స్విస్ చిత్రకారుని కుమార్తె కేథరీనా గ్సెల్‌ను వివాహమాడాడు. వారికి పదమూడుగురు పిల్లలు పుట్టగా బాల్యం దాటి బ్రతికినవారు అయిదుగురే.

బాసెల్‌కు తిరిగి వెళ్ళకపోయినా ఆయన ఆ నగర పౌరసత్వాన్ని వదులుకోలేదు. గ్రంథాలు లాటిన్‌లో, ఫ్రెంచిలో, జర్మన్‌లో వ్రాశాడు. రష్యన్ నేర్చుకున్నాడు. ఇంట్లో మాత్రం బాసెల్ వీధుల్లో వినిపించే యాసనే చివరిదాకా మాట్లాడాడని ఆయన శిష్యుడు వ్రాసి పెట్టాడు. తరాలుగా సొంత ప్రాంతానికి దూరంగా ఉంటూ ఇంట్లో మన మాటను నిలుపుకొన్న మనకు ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

పీటర్స్‌బర్గు పరిషత్తులో గోల్డ్‌బాఖ్ అనే పండితుడు ఉండేవాడు. ఆయన మాస్కోకు మారిన తరువాత ఆయిలర్‌తో ఉత్తరాలు నడిపాడు. 1729 డిసెంబరులో వ్రాసిన ఉత్తరం చివర ఒక సంగతి అడిగాడు. ఫ్రాన్సు దేశంలో నూరేళ్ళ క్రితం ఫెర్మా అనే న్యాయాధికారి ఉండేవాడు. వృత్తి వేరైనా సంఖ్యల విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. రెండ్లను గుణించి ఒకటి కలపగా వచ్చే కొన్ని సంఖ్యలు ఎప్పుడూ ప్రధాన సంఖ్యలే అవుతాయని ఆయన నమ్మాడు. అవి వరుసగా 3, 5, 17, 257, 65,537. వీటిని ఒకటి, ఆ సంఖ్య తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించదు. దీని తరువాతి సంఖ్య, ముప్ఫయి రెండు రెండ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చేది. అది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇదీ ప్రధాన సంఖ్యేనని ఫెర్మా విశ్వాసం. దీనికి రుజువు ఉందా అని గోల్డ్‌బాఖ్ ప్రశ్న.

ఆయిలర్ మొదట అంతగా పట్టించుకోలేదు. తరువాత ఫెర్మా వ్రాతలు తెచ్చుకొని చదివాడు. అక్కడి నుంచి సంఖ్యల మోహం ఆయనను జీవితాంతం వదలలేదు. 1732లో ఆయన పరిషత్తు ముందు ఒక చిన్న వ్యాసం ఉంచాడు. ఆ పెద్ద సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని అందులో చూపాడు. భాగఫలం 67,00,417. కాగితం తీసుకొని ఈ రెండింటినీ గుణించి చూడండి. పది నిమిషాల పని. గొప్పవాడు చెప్పాడని తొంభై ఏళ్ళుగా నిలిచిన మాట ఈ పది నిమిషాల గుణకారంతో పడిపోయింది. ఫెర్మాను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆయన తన వద్ద రుజువు లేదని కొన్ని లేఖలలో ఒప్పుకొన్నాడు కూడా.

అయితే 641 ఆయిలర్‌కు ఎలా దొరికింది? అన్ని సంఖ్యలతోను భాగించుకుంటూ పోయి ఉంటాడని అనుకోవద్దు. తరువాత 1750లో అచ్చయిన వ్యాసంలో దారి వివరించాడు. ఆ పెద్ద సంఖ్యను ఏదైనా ప్రధాన సంఖ్య భాగించాలంటే, దానిని 64తో భాగించినప్పుడు ఒకటే శేషం రావాలి. ఇది ఆయన రుజువు చేసిన నియమం. అలాంటి ప్రధాన సంఖ్యలు మొదటినుంచి చూస్తే 193, 257, 449, 577, 641. అంటే అయిదవ ప్రయత్నంలోనే పని అయిపోయింది! వందకు పైగా భాగహారాలు చేయవలసిన చోట అయిదు చాలాయి. లెక్క చేయడం వేరు, ఏ లెక్క చేయనక్కరలేదో తెలుసుకోవడం వేరు. ఆయిలర్ గొప్పతనం ఈ రెండవదానిలోనే ఎక్కువగా కనబడుతుందని నా అభిప్రాయం.

ఆ కాలంలో ఆయన చేపట్టని పని లేదు. నౌకలు, వంతెనలు, సంగీతం, గ్రహగతులు, రష్యా దేశ పటాలు అన్నీ ఆయన బల్లమీదికే వచ్చేవి. మన దేశానికి సంబంధించిన పని కూడా ఒకటి ఉంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో ఉన్న ఒక మతప్రచారకుడు భారతీయుల కాలగణన గురించి వివరాలు సేకరించి వ్రాశాడు. పీటర్స్‌బర్గులోని బేయర్ అనే పండితుడు 1738లో ప్రకటించిన గ్రంథంలో ఆ వివరాలతోపాటు ఆయిలర్ వ్రాసిన వ్యాసం కూడా ఉంది. మన పంచాంగాలలోని సౌర సంవత్సరం నక్షత్రాల స్థానాన్ని అనుసరించి లెక్కించేదని ఆయన అందులో వివరించాడు.

1735లో ఆయిలర్‌కు ప్రాణాపాయమైన జ్వరం వచ్చింది. 1738లో కుడికంటి చూపు పోయింది. కళ్ళు చెదిరేలా దేశపటాల పని చేయడమే కారణమని ఆయన అనుకొనేవాడు.

1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆహ్వానంపై బెర్లిన్ వెళ్ళి ఇరవై అయిదేళ్ళు ఉన్నాడు. పని బాగా సాగింది కాని రాజుకూ ఆయనకూ పొసగలేదు. రాజుకు సభలో చమత్కారంగా మాట్లాడేవారు కావాలి. ఆయిలర్ సాదాసీదా మనిషి, దైవభక్తి గలవాడు, ఉదయం సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రార్థన చేసేవాడు. ఒంటికన్ను రాక్షసుని పేరు పెట్టి రాజు ఆయనను పరిహసించేవాడు. రాజోద్యానంలోని నీటి ఫౌంటెన్లు పనిచేయకపోతే ఆ నింద కూడా ఆయన లెక్కలమీదనే వేశాడు. పరిషత్తు అధ్యక్ష పదవి ఖాళీ అయినప్పుడు ఆయనకు ఇవ్వలేదు. చివరకు 1766లో రష్యా మహారాణి రెండవ కేథరిన్ పిలుపు మీద ఆయిలర్ పీటర్స్‌బర్గుకే తిరిగి వెళ్ళాడు.

వెళ్ళిన కొద్దికాలానికే ఎడమకంటికి శుక్లం కమ్మింది. 1771లో శస్త్రచికిత్స జరిగింది. కొన్నాళ్ళు చూపు తిరిగి వచ్చింది. ఇంటివారి సంతోషం ఎంతో కాలం నిలవలేదు. కంటికి పుండు పట్టి ఆ చూపూ పోయింది. అదే సంవత్సరం పీటర్స్‌బర్గులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు కాలిపోయింది. లోపల చిక్కుకుపోయిన అంధుడైన వృద్ధుని, బాసెల్ నుంచే వచ్చి అక్కడ స్థిరపడిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి దూరి వీపుమీద మోసుకొని బయటికి తెచ్చాడు. వ్రాతప్రతులలో చాలావరకు దక్కాయి. రెండేళ్ళకు భార్య కేథరీనా మరణించింది.

ఇంతటితో ఆయన కలం ఆగిందని మీరు అనుకోవచ్చు. ఆయన మొత్తం రచనలు ఎనిమిదివందల అరవైకి పైగా ఉంటే వాటిలో దాదాపు సగం ఈ చివరి కాలంలో వచ్చినవే! ఒక పెద్ద పలకమీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు వ్రాసేవాడు. మిగిలినదంతా నోటితో చెబితే కుమారుడు, శిష్యులు వ్రాసుకొనేవారు. బీజగణితంపై ప్రసిద్ధమైన పాఠ్యగ్రంథాన్ని ఒక దర్జీ వద్ద పని నేర్చుకున్న కుర్రవానికి చెప్పి వ్రాయించాడు. చెప్పినది వ్రాస్తూ వ్రాస్తూ ఆ కుర్రవానికి కూడా బీజగణితం పట్టుబడిందట. చిన్నప్పుడు చదివిన లాటిన్ మహాకావ్యం ఈనియడ్ ఆయనకు మొదటినుంచి చివరివరకు కంఠస్థం. తాను చదివిన ప్రతిలో ఏ పుట ఏ పంక్తితో మొదలై ఏ పంక్తితో ముగుస్తుందో కూడా చెప్పగలిగేవాడు. మరొక ఉదంతం చెబుతారు. ఇద్దరు శిష్యులు ఒక పొడవైన శ్రేణిని కూడి, యాభయ్యవ అంకె దగ్గర తేడాపడి వాదించుకున్నారు. ఆయిలర్ ఆ కూడికను మొదటినుంచి మనసులో చేసి ఎవరిది సరియో తేల్చాడు.

ఇక మన గింజల లెక్కకు వద్దాం. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అనే సంఖ్య, ముప్ఫయి ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే వస్తుంది. ఇటలీ దేశస్థుడు కటాల్డి 1603లో అచ్చయిన పుస్తకంలో ఇది ప్రధాన సంఖ్య అన్నాడు. ఇదే తరహాలో 23, 29, 37 రెండ్లతో వచ్చే సంఖ్యలు కూడా ప్రధాన సంఖ్యలేనన్నాడు. ఆ మూడూ తప్పని తేలింది. రెండింటిని ఫెర్మా పడగొట్టాడు. 29 రెండ్ల సంఖ్యను 1103 భాగిస్తుందని ఆయిలరే 1732లో చూపాడు. నాలుగింటిలో మూడు పోయాక మిగిలిన ఒకదాన్ని ఎవరు నమ్ముతారు? 1752లో గోల్డ్‌బాఖ్‌కు వ్రాస్తూ ఆయిలర్ కూడా ఈ సంఖ్యపై సందేహాన్నే తెలిపాడు.

దీన్ని పరీక్షించాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 46,340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోను భాగించి చూడాలి. అవి నాలుగువేల ఏడువందలకు పైగా ఉన్నాయి. ఆయిలర్ మళ్ళీ తన పాత దారినే పట్టాడు. ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానిని 248తో భాగిస్తే శేషం ఒకటి గాని అరవైమూడు గాని రావాలి. ఇంకే శేషం వచ్చినా దానిని పక్కన పెట్టవచ్చు. 46,340 లోపల అలాంటి సంఖ్యలు సుమారు 370 మాత్రమే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివాటిని తీసివేస్తే మిగిలేవి ఇంకా తక్కువ. ఆ మిగిలిన వాటితో ఒక్కొక్కటిగా భాగహారం చేయగా ఒక్కటి కూడా నిశ్శేషంగా పోలేదు. బెర్లిన్ పరిషత్తు పత్రిక 1772వ సంవత్సరపు సంపుటంలో అచ్చయిన ఒక లేఖలో ఆయిలర్ ఈ ఫలితాన్ని ప్రకటించాడు. బెర్నౌలీ వంశీకుడైన ఒక గణితవేత్తకు వ్రాసిన లేఖ అది. గింజలను ఎందరికి పంచినా మిగులుతాయి. ఒక్కరికే ఇవ్వాలి, లేదా ఒక్కొక్కరికి ఒక్కొక్క గింజ చొప్పున అంతమందికీ ఇవ్వాలి.

దీని వెంట మరొక ఫలితం కూడా వచ్చింది. 6ను భాగించే 1, 2, 3లను కూడితే మళ్ళీ 6 వస్తుంది. 28 కూడా అలాంటిదే. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. ఆయిలర్ పరీక్షించిన సంఖ్యను, చదరంగపు బల్లమీద ముప్ఫయి ఒకటవ గడిలో ఉన్న గింజల సంఖ్యతో గుణిస్తే పందొమ్మిది అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అది ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య. ఇంతకంటె పెద్దదాన్ని ఎవరూ కనుక్కోరని, ఉపయోగం లేని వాటికోసం ఎవరూ అంత శ్రమపడరని 1811లో ఇంగ్లండుకు చెందిన బార్లో అనే గణితవేత్త వ్రాశాడు. ఆ మాట నిలవలేదు. 1876లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 127 రెండ్లతో ముప్ఫయి తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్యను చూపాడు. 2024లో కంప్యూటర్ల సహాయంతో నాలుగు కోట్ల పది లక్షల అంకెలకు మించిన ప్రధాన సంఖ్యను కనుక్కొన్నారు. అది కూడా రెండ్లను గుణించి ఒకటి తీసివేయగా వచ్చినదే. అయినా ఎనభై ఏళ్ళకు పైగా, లోకానికి తెలిసిన ప్రధాన సంఖ్యలలో అతి పెద్దది అంధుడైన ఆయిలర్ చూపినదే. ముప్ఫయి రెండు బిట్లలో పూర్ణసంఖ్యలను దాచుకొనే కంప్యూటర్లకు అతి పెద్ద సంఖ్య కూడా అదే కావడం ఒక విచిత్రం.

1783 సెప్టెంబరు 18వ తేదీన ఆయిలర్ ఎప్పటిలాగే పనిలో ఉన్నాడు. మనుమనికి గణిత పాఠం చెప్పాడు. ఆ సంవత్సరమే ఫ్రాన్సులో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలితో బెలూనును ఆకాశంలోకి పంపారు. బెలూను పైకి లేచే వేగాన్ని ఆయిలర్ పలకమీద లెక్కకట్టాడు. భోజనం తరువాత శిష్యుడు లెక్సెల్‌తో, కొత్తగా కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్య గురించి మాట్లాడాడు. సాయంకాలం మెదడులో రక్తనాళం చిట్లి స్పృహ తప్పాడు. కొద్ది గంటలకే మరణించాడు. పీటర్స్‌బర్గు పరిషత్తు వద్ద ఆయన వ్యాసాలు ఎన్ని నిలువ ఉన్నాయంటే, వాటిని అచ్చువేయడానికి ఇంకా అనేక దశాబ్దాలు పట్టింది. పలకమీద మిగిలిపోయిన బెలూను లెక్కను ఎవరూ చెరిపివేయలేదు. దాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఎత్తి వ్రాసి పారిస్ పంపగా, అక్కడి పరిషత్తువారు తమ సంపుటంలో అచ్చువేశారు.